టిక్కెట్టు మీద ఉన్న గంటలను నమ్మవద్దు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మను వెంటబెట్టుకొని వచ్చే నెల దుబాయ్ వెళుతున్నావని తెలిసి సంతోషించాను. పది గంటలకు ఎక్కితే పన్నెండుంబావుకల్లా దిగిపోతామని ఫోనులో అన్నావు. అందుకే ఈ ఉత్తరం. టిక్కెట్టు మీద బయలుదేరే వేళ మనది, దిగే వేళ వాళ్లది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అంటే గాలిలో గడిపేది రెండుంబావు గంటలు కాదు, దాదాపు నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు లెక్క తారుమారవుతుంది. నాలుగు గంటల ప్రయాణమే టిక్కెట్టు మీద అయిదున్నర గంటలుగా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మకు నడవా పక్క సీటు ఇప్పుడే అడిగి పెట్టు.

చెన్నై నుంచి దుబాయ్ దాదాపు 2,900 కిలోమీటర్లు. మీ కావలి నుంచి చెన్నై విమానాశ్రయం 240 కిలోమీటర్లే. అయినా నాకు భయమంతా ఈ 240 గురించే. మన నెల్లూరు జిల్లాలోనే, దగదర్తిలో విమానాశ్రయం వస్తుందన్న మాట ఎన్నాళ్లుగానో వింటున్నాం. అది వచ్చేదాకా మనకు చెన్నైయే దిక్కు. ఆ విమానాశ్రయం ఉన్నది మనవైపు కాదు, ఊరికి అవతల, దక్షిణాన తిరుశూలం దగ్గర.

చాలా ఏళ్ల కిందట మా అక్క హైదరాబాదులో చివరి ఘడియల్లో ఉందని కబురు వచ్చింది. చెన్నై నుంచి విమానం గంటంబావులో చేరుస్తుందన్నారు. నేను ఆ గంటంబావునే పట్టుకున్నాను. నెల్లూరు నుంచి మూడున్నర గంటలు చాలనుకొని బయలుదేరాను. చెన్నై పొలిమేరలో రెడ్ హిల్స్ దగ్గర వానలో బండ్లు బారులు తీరి కదలలేదు. నేను చేరేసరికి కౌంటరు మూసేశారు. తరువాతి విమానంలో వెళ్లాను కాని అక్కను చూడలేకపోయాను.

కాబట్టి లెక్క వెనక నుంచి వెయ్యి. పది గంటల విమానానికి ఏడింటికల్లా లోపల ఉండాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు, బతిమాలినా తెరవరు. దారికి అయిదు గంటలు, భోజనానికీ టైరు పంక్చరుకూ ఇంకో గంట. అంటే రాత్రి ఒంటి గంటకే కావలి వదలాలి. మీ అమ్మతో ఆ పని వద్దు. ముందురోజు పగటి రైలుకు చెన్నై సెంట్రల్ వెళ్లండి. అక్కడి నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికి పోతుంది. ఆ దగ్గరలోనే రాత్రికి గది తీసుకోండి. కారులోనే వెళ్లాలనుకుంటే ఊళ్లోకి దూరకుండా పుళల్ దగ్గర బైపాస్ ఎక్కమని డ్రైవరుకు ముందే చెప్పు.

పైగా మీరు వెళ్లేది నవంబరులో. 2021లో అదే నెలలో పెన్నా పొంగి, నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలుమార్గం తెగిపోయింది. మన జాతీయ రహదారి కూడా కోసుకుపోయింది. 2015 డిసెంబరులో వరద నీరు చేరి చెన్నై విమానాశ్రయాన్నే కొన్ని రోజులు మూసేశారు. వాయుగుండం అన్న మాట వినిపిస్తే ఇంకో రోజు ముందే కదలండి. గది అద్దె గురించి ఆలోచించవద్దు, నేను ఇస్తాను.

మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూడు, ఆ దేశంలో నిషేధం. పచ్చళ్లు చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో సర్దు.

రైలు నెల్లూరులో ఆగే వేళ ముందుగా చెప్పు. పెద్దమ్మ ఇడ్లీలు కట్టి ఇస్తానంటోంది, స్టేషనుకు వచ్చి అందిస్తాను. మీ అమ్మను కూడా ఒకసారి చూసినట్టు ఉంటుంది.

మీ పెదనాన్న
నెల్లూరు