లామినేట్ రైల్స్ మీద గీతలకు సమాధానం

అన్నా, బెంగళూరు మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ పూల్ టేబుల్ రైల్స్ (బల్ల చుట్టూ ఉండే అంచు పట్టీలు) మీద గీతలు పడ్డాయని, శాండ్‌పేపర్ పట్టొచ్చా అని అడిగారు కదా. దయచేసి పట్టకండి. పైన కనిపించేది చెక్క కాదు, లామినేట్. చెక్క చారలు అచ్చేసిన కాగితం, దానిమీద పల్చటి మెలమైన్ పొర, అంతే. ఆ పొర అరిగితే మళ్లీ రాదు.

ముందు సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. క్యూ (ఆడే కర్ర) రాసుకున్న మరకలు చాలావరకు గీతల్లాగే కనిపిస్తాయి, దీంతోనే పోతాయి. తర్వాత గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తగులుకోకపోతే వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

తగులుకుంటే వ్యాక్స్ ఫిల్లర్ స్టిక్ (గీతలు పూడ్చే మైనం కడ్డీ) వాడాలి. మెత్తటి రకం వద్దు, చేయి ఆనే చోట నిలవదు. గట్టి రకం తీసుకుని కరిగించి, గీతలో నింపి, చల్లారాక పాత ఏటీఎం కార్డు అంచుతో సమంగా గీకేయండి. రంగు అచ్చంగా కుదరకపోతే కాస్త ముదురుదే తీసుకోండి. ముదురు గీత చెక్క చారలో కలిసిపోతుంది, లేతదైతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొదలుపెట్టే ముందు టేబుల్ మీద పరిచిన క్లాత్ అంచుకు మాస్కింగ్ టేప్ వేయడం మాత్రం మర్చిపోవద్దు, మైనం అంటితే వదలదు. సిలికాన్ పాలిష్ స్ప్రేలు అసలు వద్దు, క్లాత్ పాడవుతుంది.

లామినేట్ పెచ్చులూడితే మాత్రం మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో 1 ఎంఎం సన్‌మైకా షీట్ చూసుకోండి. ఊడిన ముక్క వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూసి రంగు ఎంచుకోలేం.