హ్యాకింగ్ నేర్పిస్తే పిల్లోడు చెడిపోతాడా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. మావాడు బీటెక్ మూడో సంవత్సరం. ఎథికల్ హ్యాకింగ్ (యజమాని అనుమతితో కంప్యూటర్లలో లోపాలు వెతికే పని) కోర్సులో చేరతానంటున్నాడు. తెలివైనోడు, పక్కింటి వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టి మా ఫోన్లన్నిటికీ పెట్టిచ్చినాడు. సీఈహెచ్ (ఎథికల్ హ్యాకర్ సర్టిఫికెట్) మేలా, సీఐఎస్‌ఎస్‌పీ (సైబర్ భద్రతలో పై స్థాయి సర్టిఫికెట్) మేలా? రేపు పోలీసు కేసుల్లో ఇరుక్కోడు కదా?

జవాబు: మీ అసలు ప్రశ్న చివరిదే. ఈ భయంతో చాలామంది తల్లిదండ్రులు రాస్తుంటారు. ధైర్యంగా ఉండండి, ఈ చదువు పిల్లోణ్ని చెడగొట్టదు. కానీ ఆ వైఫై సంగతి పక్కింటాయనకు తెలుసా? యజమాని అనుమతి లేకుండా ఒకరి నెట్‌వర్క్‌లోకి వెళ్లకూడదనే ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 చెప్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీవాడిది దురుద్దేశం కాదు. కానీ కన్నతండ్రే తెలివని మురిసిపోతుంటే అది తప్పని వాడికి ఎవరు చెప్పాలి? వాణ్ని వెంటబెట్టుకుని పోయి పక్కింటాయనతో మీరే ఉన్నమాట చెప్పండి.

ఈ కోర్సుల మీద నాకూ అనుమానాలున్నాయి. పేరులో ‘ఎథికల్’ ఉన్నా, నేను చూసిన కోచింగుల్లో ఆ పాఠం ఒక పూటలో ముగిసిపోతుంది, తర్వాతంతా టూల్సే. రాతపూర్వక అనుమతి ఎలా తీసుకోవాలి, ఏ సర్వర్ వరకు ముట్టుకోవచ్చు, లోపం కనబడితే ఎవరికి చెప్పాలి అన్నవి చేయించి నేర్పాలి. చేరేముందు ఇవి నేర్పుతారా అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

సీఐఎస్‌ఎస్‌పీ ఇచ్చే ఐఎస్‌సీ2 సంస్థ నీతి నియమావళికి ఒప్పుకున్నవాళ్లకే సర్టిఫికెట్ ఇస్తుంది, ఆ నియమాలు తప్పితే వెనక్కి తీసుకోగలదు. అందులోని నాలుగు సూత్రాలకు వరుస ఉంది: సమాజ క్షేమం మొదటిది, జీతమిచ్చే యజమానికి సేవ మూడోది. కస్టమర్ల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి, నోరు మూసుకోమని మేనేజర్ అంటే ఏ సూత్రం పైన ఉందో ఉద్యోగికి తెలిసుండాలి. నాకు ఆ వరుస చాలా నచ్చుతుంది.

ఇక పోలికంటారా, సీఐఎస్‌ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం కావాలి, కాబట్టి ఇప్పుడు ఆ ఆలోచనే వద్దు. సీఈహెచ్‌కూ తొందర లేదు. ఈ ఏడాది నెట్‌వర్కింగ్, లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) గట్టిగా నేర్చుకోమనండి. ట్రైహ్యాక్‌మీ లాంటి శిక్షణ వెబ్‌సైట్లలో అనుమతితోనే సాధన చేయొచ్చు, చాలా పాఠాలు ఉచితం. ఫీజు కోసం చీటీ ఎత్తకండి. ఉద్యోగంలో చేరాక పరీక్ష ఖర్చు భరించే కంపెనీలూ ఉన్నాయి.