రాత్రి ఫోటోల్లో రంగు చుక్కలు వస్తే సెన్సర్ పోయినట్టేనా?

కొందామనుకుంటున్న పాత కెమెరాలో రాత్రి ఫోటోలు తీస్తే ఎర్రవి, నీలివి చుక్కలు వస్తున్నాయని, సెన్సర్ పోయిందా అని అడిగారు. ఆ ఒక్క ఫోటో చూసి తేల్చకండి. మాది శ్రీకాకుళం, పెళ్లి ఫోటోలు తీస్తాను. ఏ కెమెరా చేతికొచ్చినా ముందు లెన్స్‌కి మూత పెట్టి ఫోటో తీస్తాను.

సెన్సర్ అంటే వెలుతురుని పట్టే సిలికాన్ చిప్, దాని మీది చిన్న చిన్న గడులే పిక్సెళ్లు. వెలుతురు తగిలితే ఆ సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఏ పిక్సెల్‌లో ఎన్ని పోగయ్యాయో కొలిస్తే అదే మన ఫోటో. కానీ వేడికి కూడా ఎలక్ట్రాన్లు విడివడతాయి, వీటికీ వాటికీ తేడా సెన్సర్‌కి తెలియదు. సుమారు 6 నుంచి 8 డిగ్రీల వేడి పెరిగితే చాలు, ఈ దొంగ లెక్క రెట్టింపవుతుంది. మే నెలలో కళింగపట్నం తీరాన నక్షత్రాల కోసం వరసగా 30 సెకన్ల ఫోటోలు తీస్తుంటే చుక్కలు పెరుగుతూ పోతాయి. అదే కెమెరా డిసెంబరులో ఎంతో శుభ్రంగా తీస్తుంది. సిలికాన్‌లో చిన్న లోపం ఉన్న పిక్సెల్‌కి ఈ జబ్బు మరీ ఎక్కువ. ప్రతి పిక్సెల్ మీదా ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది, అది ఎర్రదైతే ఎర్ర చుక్క, నీలం ఉంటే నీలి చుక్క.

అందుకే అమ్మేవాళ్లని అడిగి కాసేపు వీడియో తీయండి, కెమెరా వేడెక్కాలి. తర్వాత మూత పెట్టి, రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించని అసలు ఫైలు), ఐఎస్‌ఓ (సున్నితత్వం) 1600, 30 సెకన్లతో వరసగా నాలుగైదు తీసి కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో చూడండి. చుక్క అన్నిట్లోనూ ఒకే చోట ఉంటే అది హాట్ పిక్సెల్. చోటు మారుతుంటే నాయిస్, అంటే సహజంగా వచ్చే గరుకు, దానికి సెన్సర్‌ని తప్పుపట్టక్కర్లేదు. 10,000 ఎలక్ట్రాన్లు పోగైన చోట సహజంగానే 100 అటూ ఇటూ అవుతాయి, అంటే 1 శాతం. నీడలో 100 మాత్రమే పోగైతే ఆ తేడా 10, అంటే 10 శాతం. చీకటి ఫోటోలు గరుకుగా కనిపించేది ఇందుకే.

ఇక లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్ల కాగితాన్ని ఫోటో తీయండి. మసక నల్ల మచ్చలు కనిపిస్తే అది సెన్సర్ ముందున్న అద్దం మీది దుమ్ము. పసుపు, కుంకుమ ఎగిరే మండపాల్లో లెన్సులు మార్చిన కెమెరాకి అది తప్పదు, తుడిస్తే పోతుంది.

హాట్ పిక్సెళ్లు పదో ఇరవయ్యో ఉంటే నేనైతే తీసుకుంటాను. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే కెమెరాయే అంతసేపూ మరో చీకటి ఫోటో తీసి, మొదటిదాంట్లోంచి వాటిని తీసేస్తుంది. మూత పెట్టిన ఫోటోల్లో నిలువునా గీత కనిపిస్తే మాత్రం అది ఒక్క పిక్సెల్‌తో పోయేది కాదు, ఆ వరుసని చదివే సర్క్యూట్‌లోనే తేడా ఉండొచ్చు. సగం ధరకి ఇస్తామన్నా తీసుకోకండి.