నన్ను నేను నవలలో పాత్రలా ఊహించుకుంటూ ఉంటాను, ఇది మామూలేనా?

బస్సులో కూర్చున్నా, వంట చేస్తున్నా ఎవరో మీ మీద నవల రాస్తున్నట్టు మనసులో వాక్యాలు నడుస్తుంటాయని రాశారు. ఇది మామూలేనా, మానుకోవాలా అని అడిగారు. నాకు ఈ అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. నేను మానుకోలేదు, మిమ్మల్నీ మానుకోమని చెప్పను. కాకపోతే ఆ నవలలో మీరేం చేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

నేను తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఎక్కువగా నైట్ డ్యూటీ. సర్వదర్శనం టోకెన్ల కోసం విష్ణు నివాసం దగ్గరో శ్రీనివాసం దగ్గరో నిలబడి, దొరికినవాళ్లు ఒక మొహంతో, దొరకనివాళ్లు ఇంకో మొహంతో వస్తారు. కొండ దిగినవాళ్లు కొత్త గుండు తడుముకుంటూ, లడ్డూ కవరు కౌంటర్ మీద పెట్టి తాళంచెవి అడుగుతారు. నవలలు చదివే అలవాటున్నవాళ్లు ఎవరు ఈ కుర్చీలో కూర్చున్నా మనసులో కథ మొదలవకుండా ఉండదు.

బ్రహ్మోత్సవాలప్పుడు, గరుడ సేవ ముందు రోజు రాత్రి ఒకాయన వచ్చి ఫోన్‌లో బుకింగ్ చూపించాడు. అది మాది కాదు, మా పేరుకు దగ్గరగా ఉండే వేరే లాడ్జిది. ఆయన వినే స్థితిలో లేడు, గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. అప్పుడు నా తలలో, నన్నే "ఆమె" అనుకుంటూ వాక్యాలు నడిచాయి: "ఆయన అరుస్తున్నాడు. ఆమె ఫోన్ అందుకుని మెల్లగా చదివింది. ఆయన చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. వెనకాల ఆయన భార్య నిలబడి ఉంది. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. పిల్ల కాలి సాక్సు సగం జారిపోతే ఆ తల్లి ఒక చేత్తో పైకి లాగుతోంది, అది మళ్లీ జారుతోంది."

ఆ సాక్సు దగ్గరికి వచ్చేసరికి నా టెన్షన్ పోయింది. "అక్కా, ముందు మీరు ఆ సోఫాలో కూర్చోండి. సార్, ఇది రెండు వీధులవతల ఉంది. నేను వాళ్లకు ఫోన్ చేసి, ఆటో పిలుస్తాను" అన్నాను. ఆయన మాట్లాడకుండా బ్యాగు కింద పెట్టాడు. "నేను" అని ఆలోచించుకుంటూ ఉంటే ఆ మాట నా నోటి నుంచి వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. "నా మీదెందుకు అరుస్తున్నాడు" దగ్గరే ఆగిపోయేదాన్ని.

ఇందులో మాయ ఏమీ లేదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్, తన తోటివాళ్లతో కలిసి 2014లో ఒక పరిశోధన ప్రచురించాడు. నలుగురి ముందు మాట్లాడబోయేవాళ్లలో కొందరిని "నేను" అని కాకుండా తమ పేరుతో తమ గురించి ఆలోచించుకోమన్నారు. అలా చేసినవాళ్లకు ఆందోళన తక్కువగా ఉంది, వాళ్లు మాట్లాడింది కూడా మెరుగ్గా ఉంది. మనల్ని మనం కాస్త దూరం నుంచి చూసుకుంటే భయం కొంచెం వదులుతుంది.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది, నాకు ముఖ్యమనిపించేది అదే. స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ రాసిన నవలలో హీరో డాన్ కిహోటేను తీసుకోండి. వీరుల కథలు చదివి చదివి తానే ఆ కథల్లో వీరుణ్ణనుకుని బయల్దేరతాడు. ఆ నవల మొదటి భాగం 1605లో వచ్చింది. 1615లో వచ్చిన రెండో భాగంలో, మొదటి భాగం చదివేసినవాళ్లే అతనికి ఎదురవుతారు. ఒక డ్యూక్ దంపతులైతే తమ సరదా కోసం అతని చుట్టూ పెద్ద నాటకమే ఆడిస్తారు. అది చదువుతుంటే నాకు గుండె పట్టేసినట్టయింది. తాను పాత్రనని తెలిసి, పాత్రలా ఉండాలని పట్టుబట్టిన మనిషి ఎదురుగా ఉన్నవాళ్లను చూడలేకపోయాడు.

ఇప్పుడు మన చిత్తూరు జిల్లా మనిషి, డాక్టర్ కేశవరెడ్డి రాసిన "అతడు అడవిని జయించాడు" చూడండి. చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళతాడు. ఆయన ధ్యాసంతా పంది మీద, దాని పిల్లల మీద, చుట్టూ ఉన్న చీకటి మీద. తన మీద తనకు ధ్యాసే లేదు. అందుకేనేమో, మనం ఆయన్ను మర్చిపోలేం. చదివాక నేను నా ఊహను ఈ రెండు పుస్తకాల పక్కన పెట్టి కొలుచుకోవడం మొదలుపెట్టాను.

కాబట్టి మీ మనసులో నడిచే వాక్యాల్లో దేన్ని గురించి ఎక్కువ ఉందో గమనించండి. "ఆమె కిటికీలోంచి దిగులుగా చూస్తోంది" అనే రకం వాక్యాలే వస్తుంటే కథ మీ మొహం దగ్గరే ఆగిపోయినట్టు. కిటికీలోంచి ఏం కనపడుతోందో రాయండి. చంద్రగిరి వైపు వెళ్లే బస్సయితే ఆ బండలు, కొండ అంచు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కాలేజీ పిల్లలు, కండక్టర్ చిల్లర లెక్కపెట్టే తీరు. మీ దిగులు చదివేవాళ్లకు దానంతటదే తెలుస్తుంది.

ఈ ఊహల వల్ల నిద్ర, తిండి, పని పాడవుతున్నా, బయటికి రావాలన్నా రాలేకపోతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మీరు రాసింది చూస్తే అంతదాకా పోయినట్టు నాకనిపించలేదు.

ఇంకొకటి. ఆ వాక్యాలు మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే నడవనివ్వండి. నా తలలో చాలాకాలం వారపత్రికల సీరియల్ భాషే నడిచింది. మా అవ్వ కూడా అందులో "ఎక్కడికి వెళ్తున్నావు తల్లీ" అనేది. నిజానికి ఆమె జన్మలో అలా అనలేదు. "యాడికి పోతాండావు పాపా" అని రాసుకున్న రోజు నుంచే అవ్వ నా నవలలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో నాకంటే ఆమె గురించే ఎక్కువ పేజీలున్నాయి.