‘మా అమ్మాయి క్లీనింగ్ కన్సల్టెంట్ అవుతానంటోంది, నలుగురికీ ఏం చెప్పను?’

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తోంది. ఇప్పుడు అది కూడా మానేసి, సొంతంగా క్లీనింగ్ కన్సల్టెంట్ అవుతానంటోంది. 90 రోజుల్లో కన్సల్టెంట్‌ని చేస్తామంటూ ఆన్‌లైన్‌లో ఒక కోర్సు ఉందట, 45 వేలు కడతానంటోంది. ఎమ్మెస్సీ గానీ ఎంబీఏ గానీ చెయ్యమంటే వినడం లేదు. సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి ఏం చేస్తోందని అడిగినవాళ్లకు ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్’ అని చెప్పి నెట్టుకొస్తున్నాం. ఈ మూడు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పోలిక చెబుతాను. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు అర్థమైంది వేరు. పోల్చమని ఒక్క వాక్యం రాశారు. సంబంధాల గురించి, అడిగేవాళ్ల గురించి, ఏం చెప్పాలన్న దాని గురించి రాసింది అంతకు మించి ఉంది. మీ టెన్షన్ కన్సల్టెన్సీ గురించి కాదమ్మా, ‘క్లీనింగ్’ అన్న మాట గురించి. అదే హోటల్ కన్సల్టెంట్ అనో, ఐటీ కన్సల్టెంట్ అనో అని ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారు కాదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. హోటల్ మేనేజ్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు చదివే పిల్లల ఇళ్లలోనూ ఇదే గొడవ. పిల్ల తడబడకుండా ‘నేను ఫలానా పని చేస్తున్నాను’ అంటుంటే, పక్కనున్న తల్లో తండ్రో దానికి ఇంకో పేరు పెడతారు. మీరు ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్’ అని చెప్పిన ప్రతిసారీ మీ అమ్మాయి పక్కనే ఉండి విని ఉంటుంది. తన పని బయటికి చెప్పుకునేది కాదని అమ్మే అనుకుంటోందని దానికి తెలిసిపోయింది. ‘కన్సల్టెంట్’ అన్న పేరు కోసం ఇంత తొందర పడటానికి అది కూడా ఒక కారణమేమో ఆలోచించండి. సూపర్‌వైజర్ అంటే మీ మొహం చిన్నబోతోంది. విజిటింగ్ కార్డు మీద కన్సల్టెంట్ అని ఉంటే మీరు తల ఎత్తుకుంటారని దాని ఆశ కావచ్చు.

కటువుగా ఉన్నా ఇంకొక మాట చెప్పాలి. మన దేశంలో శుభ్రం చేసే పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ తర్వాత ఆ పనినే నీచమన్నాం. మీ గుండెల్లో కలుక్కుమంటున్నది అదే. మనుషుల చేత మలం ఎత్తించే పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ కోసం బెజవాడ విల్సన్‌తో పాటు నిలబడిన ఎస్.ఆర్. శంకరన్ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. అలాంటివాళ్లు జీవితాలు ధారపోశారు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా చెప్పింది. ఇంత జరిగాక కూడా, వార్డులో రోగి మంచం శుభ్రంగా ఉండేలా చూసే చదువుకున్న అమ్మాయి గురించి చెప్పడానికి ఖమ్మంలో ఒక తల్లి మాటలు వెతుక్కుంటోంది. మీ ఒక్కరినే అనడం లేదమ్మా, కానీ మీ ఇంట్లో ఇది మీ దగ్గరే ఆగాలి.

ఇక మీ అమ్మాయి వైపు వస్తాను. తననూ నేను వెనకేసుకు రావడం లేదు.

‘కన్సల్టెంట్’ అన్న మాట మీద ఈ మధ్య నాకు చాలా అనుమానాలున్నాయి. ఏ రంగం చూసినా ఇరవై రెండేళ్లకే కన్సల్టెంట్లు. రీల్స్‌లో ఒకాయన ‘ఉద్యోగం వద్దు, సలహా అమ్ము’ అంటాడు. సలహా అమ్మాలంటే ముందు అది మన దగ్గర ఉండాలి కదా. ఆ 90 రోజుల కోర్సులో ఏం నేర్పుతారో నా దగ్గరికి సలహాకు వచ్చే పిల్లల నోట్సుల్లో చూశాను. లోగో, ప్యాకేజీలు, క్లయింటుకు పంపే మెసేజ్ ఎలా రాయాలి, ఫీజు ఎలా చెప్పాలి. నేల ఎలా తుడవాలో ఒక్క పేజీ లేదు. పాలరాయి మీద యాసిడ్ పోస్తే మెరుపు పోయి మచ్చ పడుతుందని లేదు. బ్లీచింగూ యాసిడూ కలిపితే క్లోరిన్ వాయువు వచ్చి బాత్రూమ్‌లో ఉన్న మనిషికి ఊపిరాడదని లేదు. రెండోది తెలియని కన్సల్టెంట్ వల్ల మనుషులకే ప్రమాదం.

ఈ పని తెలిసినవాళ్లు ఎలా ఉంటారో చెబుతాను. పదకొండేళ్లుగా ఈ రంగంలో ఉన్న ఒకమ్మాయి, ఒకప్పుడు నా దగ్గరికి సలహాకు వచ్చిన పిల్లే, తన పని చూపిస్తానని నన్నొక ఆస్పత్రికి తీసుకెళ్లింది. పొద్దున ఆరున్నర. అంతకుముందు రాత్రే వార్డులో పది చోట్ల కంటికి కనిపించని జెల్ చుక్కలు పెట్టింది. మంచం పక్క రెయిలింగ్, నర్సును పిలిచే బటన్, సెలైన్ స్టాండు, బాత్రూమ్ గొళ్లెం, కుళాయి పిడి, ఇలా చేతులు పడే చోట్ల. వార్డు తుడిచాక యూవీ టార్చ్ వేసింది. నేల అద్దంలా మెరుస్తోంది. రెయిలింగ్ మీద చుక్క మాత్రం చెక్కుచెదరకుండా నీలంగా వెలుగుతోంది. పదింటిలో తుడిచినవి మూడే.

పక్కనున్న మేనేజర్ వెంటనే ఆ వార్డు ఆయా మీద విరుచుకుపడబోయాడు. నన్ను తీసుకెళ్లిన అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, ఆయా బకెట్ దగ్గర గొంతుక్కూర్చుంది. ‘అక్కా, నీకు ఎన్ని గుడ్డలిచ్చారు?’ అంది. ఇరవై నాలుగు మంచాలకు రెండు గుడ్డలు. ఒక మంచం తుడిచిన గుడ్డ ఇంకో మంచానికి వాడకూడదు, అంటే మంచానికొకటి కావాలి. ఉన్నవి రెండే కాబట్టి ఆవిడ తనకు తోచినట్టు పైపైన లాగించేసింది. నెలనెలా స్టోర్ నుంచి రావలసిన గుడ్డల లెక్కలో కోత పెడుతున్నది ఎవరో ఆ పూట మధ్యాహ్నానికల్లా తేలింది. ఆ ఆస్పత్రి ఆ అమ్మాయికి ఫీజు ఇచ్చింది ఆ ఒక్క ప్రశ్నకే అనుకోవచ్చు. ఆ ప్రశ్న 90 రోజుల్లో రాదు. మూడేళ్లు షిఫ్టులు చేసి, ఎవరు ఏ మూల ఎందుకు వదిలేస్తారో చూసినవాళ్లకే వస్తుంది.

మీ అమ్మాయికి ఇందులో సగం దారి పడింది, అది మీకు తెలియడం లేదు. మైక్రోబయాలజీ చదివింది కాబట్టి క్రిములను చంపే మందు పోసిన తర్వాత అది ఎంతసేపు తడిగా ఉండాలో, ఎందుకుండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ ద్రవం, ఒక శాతం ద్రావణం కావాలంటే, క్యాన్‌లో ఉన్నది 5 శాతమైతే ఒక పాలు మందుకు నాలుగు పాళ్లు నీళ్లు కలపాలి. అది నిలవ ఉంటే బలం తగ్గుతుంది, రోజూ కొత్తగా కలుపుకోవాలి. ఈ లెక్క తెలియక అందాజుగా మూతలతో పోసే సైట్లు కోకొల్లలు. ఫ్లోర్ క్లీనర్ ఎక్కువ పోస్తే నేల ఇంకా శుభ్రమవుతుందనుకుంటారు. జిగురు మిగిలి మరింత దుమ్ము పడుతుంది. ల్యాబ్‌లో గాజు సీసాలతో కొలతలు కొలిచిన పిల్ల, బకెట్ దగ్గర కూడా కొలవగలదు. చదివిన చదువు వృథా అయిపోయిందని మీరు అనుకుంటుంటే, అది పొరపాటు.

చదువుతో పాటు లెక్క కూడా రావాలి. ఒక ఆస్పత్రికి రోజూ 12 మంది డ్యూటీలో ఉండాలనుకోండి. వారానికి ఏడు రోజులూ నడుస్తుంది కాబట్టి 84 షిఫ్టులు. ఒక్కొక్కరు చేసేది వారానికి ఆరు. అంటే జ్వరాలు, పండుగలు లెక్కలోకి తేకముందే 14 మంది కావాలి. కాంట్రాక్టర్ 12 మందికే కోట్ చేసి టెండర్ కొట్టేస్తాడు. మిగతా ఇద్దరి పని డబుల్ డ్యూటీల రూపంలో ఆ పన్నెండు మంది నడుము మీద పడుతుంది. దీని మీద యజమాని వాటా పీఎఫ్, జీతం 21 వేల లోపున్నవాళ్లకు 3.25 శాతం ఈఎస్‌ఐ, ఆ పైన 18 శాతం జీఎస్‌టీ. ఆస్పత్రికి ఆ జీఎస్‌టీ వెనక్కి రాదు కాబట్టి ఖర్చు తగ్గించమని ఒత్తిడి చేస్తుంది. సలహాదారుడు ఇరుక్కునేది ఇక్కడే. ‘నలుగురిని తగ్గించే దారి చూపించు, మిగిలిన దాంట్లో నీకు ఇంత’ అంటారు.

నిజం చెబుతున్నాను, నా భయం ఇదొక్కటే. ఈ రంగంలో చాలామంది కన్సల్టెంట్లు బతికేది రెండు రకాలుగా. మనుషుల్ని తగ్గించి వాటా తీసుకోవడం, లేకపోతే ఫలానా కంపెనీ కెమికల్ రాసిచ్చి కమీషన్ తీసుకోవడం. చేతిలో ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు లేకుండా బయటికొచ్చిన పిల్ల, బిల్లు పెట్టి రెండు మూడు నెలలు ఎదురుచూసే పిల్ల, ఆ ఒత్తిడికి లొంగిపోవడం ఎంతసేపు? సెప్టిక్ ట్యాంకు మీ కుర్రాళ్లతోనే చేయించెయ్యండి అని క్లయింట్ అంటే, ‘అది నేరం, చెయ్యను’ అని లేచి వచ్చేయగలగాలి. ఇంటి అద్దె నెత్తి మీదుంటే లేచి రావడం కష్టం. అందుకే ఇప్పుడే మానెయ్యొద్దంటున్నాను. వయసు చిన్నదని మాత్రం కాదు.

ఇంకో రెండు మూడేళ్లు ఆస్పత్రి వదలొద్దని చెప్పండి. వీలైతే అక్కడే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వెంట తిరగమనండి. బయోమెడికల్ వ్యర్థాల మీద 2016 నాటి నియమాలు కంఠతా రావాలి. ఏది పసుపు సంచిలో, ఏది ఎరుపులో, సూదులు ఎందులో అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రుల శుభ్రతకు మార్కులు వేసే ‘కాయకల్ప’ పథకం 2015లో మొదలైంది. దాని మార్గదర్శకాలు, చెక్‌లిస్టులు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఆడిట్ ఎలా చెయ్యాలో అవి చూపించినంత బాగా ఏ వీడియో చూపించదు. ఆస్పత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం ఆస్పత్రి తయారవుతుంటే ఆ పనుల్లో చెయ్యి పెట్టమనండి. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలనే ఉంటే, 1961లో ఇంగ్లండ్‌లో పుట్టిన బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్లీనింగ్ సైన్స్ లాంటి పాత సంస్థల శిక్షణ ఉంది. అక్కడ మాప్ చేతికిచ్చి చేయించి చూస్తారు.

ఇంకొకటి తనకే ప్రత్యేకంగా చెప్పండి. కెమికల్ డబ్బాల మీద ఉన్నదంతా ఇంగ్లిష్. తుడిచే ఆడవాళ్లలో చాలామందికి చదువు లేదు. ఎర్ర గుడ్డ మరుగుదొడ్డికి, ఆకుపచ్చ వంటింటికి, నీలం గదులకు అని రంగులు పెట్టింది అందుకు కూడా. ఆ రంగుల వెనకున్న కారణాన్ని ఖమ్మం తెలుగులో, ఆయాల పక్కన కూర్చుని చెప్పగలిగే మైక్రోబయాలజీ అమ్మాయిలు ఎందరున్నారు? శిక్షణ ఇవ్వడమే తన దారి కావచ్చు. ఉద్యోగం చేస్తూనే సెలవు రోజున, ఆస్పత్రి అనుమతితో, ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లోనో, స్కూల్లోనో అలాంటి క్లాసు చెప్పి చూడమనండి. డబ్బు తీసుకునే చెప్పమనండి, ఐదు వందలైనా సరే. సలహాకు డబ్బివ్వడం మనవాళ్లకు అలవాటు లేదు, అడగడం తనకు అలవాటవ్వాలి.

ఇక మీరడిగిన పోలిక. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేస్తే ల్యాబ్ వైపో, బోధన వైపో వెళ్తుంది. తనకు ఇష్టం లేదని చెబుతోంది కాబట్టి రెండేళ్లు బలవంతంగా తోయకండి. ఎంబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మంచిదే, కానీ ఇప్పుడు కాదు. మూడేళ్ల అనుభవంతో వెళ్లి కూర్చుంటే పాఠం అర్థమవుతుంది, ఉద్యోగం కూడా పై మెట్టులో మొదలవుతుంది. కన్సల్టెన్సీ చివరి మెట్టు, పైన చెప్పినదంతా అయ్యాక. ఉద్యోగం, ఎంబీఏ, కన్సల్టెన్సీ మూడూ ఒకే వరసలో ఉన్నాయి, ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి మూసుకుపోదు. కాబట్టి తప్పు దారి పట్టిందేమో అని రాత్రులు నిద్ర మానుకోవలసిన పని లేదమ్మా. ఏడాదిన్నరగా తెల్లవారుజామున లేచి షిఫ్టుకు వెళ్లే పిల్ల, పని మీద ఇష్టంతో ఇంకా పైకి వెళ్తానంటున్న పిల్ల, చెయ్యి జారిపోయిన పిల్ల కాదు.

సంబంధాలవాళ్లు ఈసారి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ‘ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, అక్కడ రోగులకు ఇన్ఫెక్షన్లు అంటకుండా చూసేవాళ్లలో మా అమ్మాయి ఒకతె’ అనండి. ఆ మాటకు మొహం చిట్లించే ఇంటికి పిల్లనిచ్చి మీరేం సుఖపడతారు?

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ 45 వేలు కట్టేసిందో లేదో అడగండి. కట్టకపోతే, ఆ డబ్బు బ్యాంకులో వేసి పైన చెప్పిన ఏడాది ఖర్చుల నిధికి అదే మొదటి వాయిదా అనుకోమనండి. కట్టేసి ఉంటే తిట్టకండి, రీఫండ్ గడువు ఎప్పటివరకు ఉందో ఇద్దరూ కలిసి చూడండి. అదయ్యాక, ఈ వారం వార్డులో ఏం జరిగిందని అడిగి, చెప్పేదంతా వినండి.