సక్షన్ కాగితం రాసే ముందు

అమ్మాయ్,

ఒంగోలు నుంచి మీ అత్త ఆశీస్సులు. మీ నెల్లూరు యూనిట్‌లో నెలలు నిండని బిడ్డల శ్వాస ట్యూబ్‌లో చేరే కఫాన్ని పీల్చి తీసే సక్షన్‌కి ప్రోటోకాల్ రాసే పని నీ నెత్తిన పడిందని మీ నాన్న చెప్పాడు. దొరికిన మూడు గైడ్‌లైన్లు కలిపి ఒకటి చేస్తున్నావంట. కలిపే ముందు ఆ మూడింటినీ తూచి చూడు.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో మా వార్డు గోడకు ఒక కాగితం ఉండేది. ట్యూబ్ ఉన్న బిడ్డకు రెండు గంటలకోసారి సక్షన్, దానికి ముందు సెలైన్ చుక్కలు. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఎక్కడా లేదు. ఒక రాత్రి రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ బాగుంది, ఛాతీలో గురగుర లేదు, అయినా టైమైందని పీల్చే సన్న గొట్టం, అదే క్యాథెటర్, దించాను. గుండె వేగం 70కి పడిపోయింది. బ్యాగ్‌తో ఊపిరి అందించి నిలబెట్టేసరికి నా చేతులు వణుకుతున్నాయి. బిడ్డ బాగానే ఇంటికి వెళ్ళాడు. ఆ కాగితం మీద నాకున్న భక్తి మాత్రం ఆ రాత్రితో సరి. ఇప్పుడు మంచి గైడ్‌లైన్లు గడియారం చూసి చెయ్యొద్దు, అవసరం చూసి చెయ్యమంటాయి. సెలైన్ అలవాటుగా వెయ్యొద్దంటాయి.

తూచడానికి అగ్రీ-2 అని ఒక పద్ధతి ఉంది. 6 విభాగాలు, 23 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. నేనైతే ముందు తయారీ విభాగమే తిరగేస్తాను: పరిశోధనలు ఎలా వెతికారు, ఏ సలహాకు ఏ ఆధారం, మళ్ళీ ఎప్పుడు సవరిస్తారు. రంగుల బొమ్మలు చూసి మోసపోకు, స్పష్టతకు వేరే విభాగం ఉంది. ఆరింటినీ కలిపి సగటు తీయడం కూడా వద్దు. అందం మార్కులు వెళ్ళి ఆధారాల లోటును కప్పేస్తాయి. డబ్బు ఎవరిదో కూడా చూడు.

తేదీ సంగతి మర్చిపోకు. ఉమ్మనీట్లో మలం పడి, నీరసంగా పుట్టిన బిడ్డకు ట్యూబ్ వేసి పీల్చడం ఒకప్పుడు తప్పనిసరి. 2015లో దాన్ని రొటీన్‌గా చెయ్యొద్దన్నారు. అంతకుముందు రాసి వదిలేసిన కాగితమైతే పక్కన పెట్టు.

ఇక అంకెలు. అమెరికా రెస్పిరేటరీ కేర్ సంఘం 2022 గైడ్‌లైన్‌లో క్యాథెటర్ నవజాత శిశువు ట్యూబ్‌ని 70 శాతం కన్నా తక్కువే మూయాలి, పీల్చే ప్రెషర్ 120 mmHg దాటకూడదు. పెద్దలకైతే 50 శాతం, 200. పెద్దల కాగితంలోంచి అంకె ఎత్తుకొస్తే ఏమవుతుందో నీకే తెలుసు. ఆ 70 శాతంలోనూ ఒక చిక్కుంది. లోపలి అడ్డకొలత 2.5 మిల్లీమీటర్లున్న ట్యూబ్‌లో 6 నంబర్ క్యాథెటర్ అంటే 2 మిల్లీమీటర్లు. అడ్డకొలత లెక్కన 80 శాతం, వైశాల్యం లెక్కన 64. ఒక లెక్కన తప్పు, ఇంకో లెక్కన ఒప్పు! చేపల పులుసుకి 'తగినంత ఉప్పు' అంటే సర్దుకుంటాం గానీ, రాత్రి మూడింటికి సిస్టర్‌ని శాతాలు లెక్కెయ్యమంటావా? మీ డాక్టర్‌తో కూర్చుని ఏ ట్యూబ్‌కి ఏ నంబరో తేల్చి, ఆ నంబరే రాయి. ఎంత లోతుకు దించాలో సెంటీమీటర్లలో రాయి, ట్యూబ్ కొస దాటకుండా.

అన్నట్టు, స్టోర్‌లో ఇంకా సన్నదైన 5 నంబర్ క్యాథెటర్ ఉందో లేదో ముందే కనుక్కో. లేకపోతే ఇండెంట్ పెట్టించాకే కాగితం అతికించు.

మార్కులు ఒక్కదానివే వెయ్యకు. కనీసం ఇద్దరు, వీలైతే నలుగురు విడివిడిగా వెయ్యాలి. నువ్వు, డాక్టర్, నైట్ డ్యూటీ సిస్టర్ ఒకరు. నాలుగో కాపీ నాకు పంపు. కళ్ళజోడు మార్పించాను, బాగానే కనబడుతోంది.

మీ అత్త