మా వాడు రన్నింగ్ బ్యాక్ అవుతానంటున్నాడు, ఒప్పుకోవాలా?

టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి ఏడాది కూడా నిండని ఒక తండ్రి అడిగారు: "మా వాడు ఏడో తరగతి. బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడిగా, ఆడతానంటున్నాడు. వాళ్లమ్మ వద్దన్నందుకు రెండు రోజులుగా మాతో మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?"

టెక్సస్ బడుల్లో ఒకరినొకరు పట్టి పడదోసే అసలు ఫుట్‌బాల్ మొదలయ్యేది ఏడో తరగతిలోనే. తోటి పిల్లలంతా పేర్లిచ్చే సమయమది. కొత్త ఊళ్లో నలుగురితో కలవడానికి మీవాడు వెతుక్కున్న దారి ఇదేనేమో ముందు కనుక్కోండి. నాకైతే అలాగే అనిపిస్తోంది.

ఇక ఆ స్థానం సంగతి. పది గజాలు ముందుకు జరగడానికి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతికందించగానే, గోడలా నిలబడ్డ మనుషుల మధ్య సందు చూసుకుని దూరేవాడు రన్నింగ్ బ్యాక్. రెండు గజాలు, నాలుగు గజాలు, మళ్లీ నేల మీద. దెబ్బ తగలకుండా ఈ స్థానంలో ఆడే ఉపాయం లేదు.

నేను డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో దిగిన మరుసటి ఏడు, 2002 అక్టోబరు 27న, మా అపార్టుమెంటుకు దగ్గర్లోని టెక్సస్ స్టేడియంలో డల్లాస్ జట్టు రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్, ఆటజీవితం మొత్తంలో అత్యధిక గజాలు పరుగెత్తిన రికార్డు బద్దలు కొట్టాడు. వాల్టర్ పేటన్ పేరిట ఉన్న 16,726 గజాలను దాటిన రోజది. టికెట్ కొనే స్తోమత లేని నన్ను పక్కింటి పెద్దాయన టీవీ చూడటానికి పిలిచారు. చివరి భాగంలో పదకొండు గజాల పరుగు, ఆట ఆపి మరీ సంబరం. ఆ పూట డల్లాస్ ఓడిపోయినా ఆయనకు పట్టలేదు, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఈ ఊరికి ఈ ఆట ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

స్మిత్ కథ మీవాడికి చెప్పండి, కానీ మొత్తం చెప్పండి. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. 1990లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకున్నప్పుడు, పదహారు మంది తర్వాత గాని అతని పేరు రాలేదు. తర్వాత మూడు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు, పదిహేను సీజన్లు, 18,355 గజాలు. 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్‌తో ఆటలో భుజం కీలు దెబ్బతిన్నా చివరిదాకా ఆడి, మొత్తం 32 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తాడు. ఇక్కడివాళ్లు దాన్ని వీరగాథగా చెప్పుకుంటారు. పన్నెండేళ్ల పిల్లవాడికి మాత్రం దాన్ని ఆదర్శంగా చెప్పకండి. నొప్పి దాచుకోవడం గొప్ప అని ఒకసారి నేర్చుకుంటే, ఆ వయసులో దాన్ని మాన్పించడం చాలా కష్టం. నాకు అన్నిటికన్నా నచ్చినది వేరే ఉంది. చదువు మధ్యలో ఆటకు వచ్చేసిన స్మిత్, తల్లికిచ్చిన మాట కోసం, మూడు సూపర్ బౌల్‌లు గెలిచాక 1996లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం డిగ్రీ పూర్తి చేశాడు.

టెరెల్ డేవిస్ గురించీ చెప్పండి. డెన్వర్ జట్టు 1995లో 196వ వాడిగా ఎంచుకున్న కుర్రాడు, 1998లో 2,008 గజాలు పరుగెత్తి ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు. మరుసటి ఏడు నాలుగో మ్యాచ్‌లో బంతి అవతలివాళ్ల చేతిలో పడితే, ఆపడానికి వెళ్లి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ ఏడుతో కలిపి మూడు సీజన్లలో ఆడింది 17 మ్యాచ్‌లే. ముప్పై నిండకముందే ఆట ముగిసింది.

లెక్క కూడా కఠినమే. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడవనిదే ప్రొఫెషనల్ లీగ్ ఎవరినీ తీసుకోదు. ఎంపికైనవాడికి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. పెద్ద మొత్తం అడగగలిగే నాటికి ఒళ్లు అరిగిపోయి ఉంటుంది, జట్టు చూపు మరో కుర్రవాడి మీదుంటుంది. సాకాన్ బార్క్లీలా 27 ఏళ్ల వయసులో, 2024లో, కొత్త జట్టుకు 2,005 గజాలు తెచ్చిపెట్టేవారు అరుదు. కాబట్టి ఈ ఆటను ఉద్యోగంగా లెక్కవేయకండి, బడి రోజుల ఆటగానే చూడండి.

ఒప్పుకునేటట్లయితే రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. 2011 నాటి టెక్సస్ చట్టం ప్రకారం, తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందని అనుమానం వస్తే పిల్లవాణ్ణి అప్పటికప్పుడు ఆట నుంచి తప్పించాలి, డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మళ్లీ దింపాలి. తల నొప్పిగా ఉందని చెబితే ఇంట్లో ఎవరూ కోప్పడరని మీవాడికి మీ నోటితోనే చెప్పండి. రెండోది, మార్కులు 70కి తగ్గితే ఆడనివ్వని నిబంధన ఈ రాష్ట్రంలో 1984 నుంచీ ఉంది. చదువు పాడవుతుందని వాళ్లమ్మ భయపడుతుంటే, అది కొంత ఊరట.

మనసు ఇంకా ఒప్పకపోతే ఫ్లాగ్ ఫుట్‌బాల్ అడిగి చూడండి. నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు, ఆట ఆగుతుంది, పడదోయడం ఉండదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అదీ ఉంది. సందులు చూసుకుని పరుగెత్తే నేర్పు అందులోనూ వస్తుంది.

ఏది ఎంచుకున్నా మొదటి ఆటకు మీరిద్దరూ వెళ్లండి. మీవాడు ఎక్కువసేపు బెంచీ మీదే ఉండవచ్చు. అయినా చివరిదాకా కూర్చోండి.